కిటికీ అవతల జడ

ఫిబ్రవరి 3

ఈ డైరీ పోయినేడాదిది. ఎవరో కంపెనీవాళ్లు ఇస్తే బీరువాలో పడేసి మరిచిపోయాం. అచ్చువేసిన వారాలు తప్పు, తేదీలు ఒప్పు. వారాలు కొట్టేసి రాస్తున్నాను.

రాయమన్నది మా ఆవిడ. "పొద్దున లేచింది మొదలు అదే పాట. టీకా ఎప్పుడొస్తుంది, అసలొస్తుందా, వస్తే పనిచేస్తుందా! నా చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇదిగో, ఈ పుస్తకంలో వాగండి," అంది. వాగండి అనే అంది. ఫ్రిజ్‌లు బాగుచేసుకునే మనిషిని, నాకు రాతకోతలేం తెలుసు?

ముందుగా ఒక మాట రాసిపెడతాను. నాకేం కంగారు లేదు. కంగారంతా ఆవిడకే. ఆవిడ పైకి చెప్పదు కాబట్టి ఇద్దరి తరఫునా నేనే మాట్లాడాల్సి వస్తోంది.

రిపేరు చీటీలో మొదట సమస్య రాయాలి. ఆ అలవాటుకొద్దీ రాస్తున్నాను. సమస్య: వదిన. మా ఆవిడకి అక్క, తల్లి పోయాక తల్లి. మతిమరుపు ముదిరి, ఇంట్లో వదిలేస్తే వీధి పట్టుకుని వెళ్లిపోతుంటే, వంతెన అవతల వృద్ధుల హోమ్‌లో చేర్చాం. ఈ అంటుజబ్బు ఊరి మీద పడ్డాక హోమ్‌వాళ్లు తలుపులు మూసేశారు. లోపలున్న పెద్దవాళ్లకీ, చూడ్డానికొచ్చే ఇంటివాళ్లకీ టీకా పడి ఒక వారం గడిచాకే తీస్తారట. అప్పటిదాకా కిటికీ అద్దంలోంచి చూసి రావడమే. ఏసీ గది కాబట్టి ఆ కిటికీ తెరుచుకోదు.

టీకా పోయిన నెలలోనే రావాలి. వచ్చే వారం అన్నారు. ఆ వచ్చే వారం ఇంకా వస్తూనే ఉంది. ఈలోగా వదిన బుర్రలోంచి మనుషులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నారు. నేనెప్పుడో వెళ్లిపోయాను. మా ఆవిడ ఒక్కతే మిగిలింది, ఆమె కూడా గుమ్మం దాకా వచ్చేసింది. అక్క తనని పూర్తిగా మరిచిపోయేలోపు ఒక్కసారైనా పక్కన కూర్చోవాలన్నది ఆవిడ కోరిక.

విడిభాగం రావాలి. వచ్చేదాకా మనం చేసేదేం లేదు. ఇంత చిన్న విషయానికి కంగారు దేనికి?

ఇవాళ ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడింది. ఎవరైనా మరిచిపోతారు.


ఫిబ్రవరి 5

హోమ్‌కి వెళ్లొచ్చాం.

వదిన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కేర్‌టేకరమ్మ ఫోన్ స్పీకరు పెట్టి వదిన చెవి దగ్గర పట్టుకుంది. ఇటు ఆవిడ ఫోన్లో మాట్లాడింది. చెయ్యి చాపితే అందేంత దూరానికి ఫోన్లు!

"అక్కా, నేనే. తిన్నావా?"

"ఎవరమ్మా మీరు? కరెంటు మీటరు చూడ్డానికి వచ్చారా?"

ఆవిడ మాస్కు కిందికి లాగి మొహం అద్దానికి దగ్గరగా పెట్టింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ అద్దాన్ని ఎంతమంది ముట్టుకుని ఉంటారు! "వెనక్కి రా, వెనక్కి రా," అన్నాను. విన్లేదు. వదిన మొహం చూసింది, మళ్లీ చూసింది. "మీటరు అవతలి గోడకి ఉంది," అని చెప్పింది.

"సరేనండీ, చూసుకుంటాం," అంది ఆవిడ. గొంతులో వణుకు లేదు. ఆవిడ గుండె దేంతో చేశారో నాకు తెలియదు.

అప్పుడు జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు జారి పడింది. తీసుకోవడానికి వెనక్కి తిరిగి వంగింది. నెరిసిన జుట్టంతా వీపు మీద విడిపోయింది. లోపల్నించి అద్దం మీద ఠకఠకా కొట్టిన చప్పుడు.

"ఏయ్ బుడంకాయ్! ఆ జుట్టు విరబోసుకుని ఎక్కడికే పోతున్నావు? ఇటు రా. కూర్చో. జడ వేస్తా."

బుడంకాయ్ అంటే మా ఆవిడ. చిన్నప్పుడు పొట్టిగా, గుండ్రంగా ఉండేదట. అలా పిలిచేది లోకంలో వదిన ఒక్కతే. బడికి పోయినన్నాళ్లూ, ఆ తర్వాత పెళ్లయ్యేదాకా, ఈవిడకి పొద్దున్నే జడ వేసింది వదినే. అంటే మొహం కంటే వెనకనించే ఎక్కువ చూసిందన్నమాట. ఇన్నాళ్లూ ఈవిడ వెళ్లి మొహం చూపిస్తుంటే వదినకి ఏం తెలుస్తుంది?

ఆవిడ మళ్లీ ఇటు తిరగలేదు. అలాగే వీపు అద్దానికి ఆనించి, కొంచెం మోకాళ్లు వంచి నిలబడింది. అద్దం మీద వదిన వేళ్లు పాయలు తీస్తున్నాయి, ఒకదాని మీదొకటి వేస్తున్నాయి. "కదలకే," అంటోంది ఫోన్లో. ఆవిడ మొహం నా వైపు ఉంది. ఏడుస్తూ నవ్వుతోంది. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

వంతెన మీద వస్తుంటే అంది. "ఒక్కసారి లోపల కూర్చోనిస్తే చాలండీ. ఒక్క జడ వేయించుకుని వచ్చేస్తా."

"వస్తుందిలే టీకా," అన్నాను.

"వస్తుందని నాకూ తెలుసు. ఆ అరచేతులు ప్యాంటుకి తుడుచుకోవడం ఆపండి."

ఎండగా ఉంది. చెమట పడుతుంది కదా ఎవరికైనా.


ఫిబ్రవరి 6

వచ్చే వారం కాదట. ఆ పై వారమట.


ఫిబ్రవరి 9

షాపు షట్టరు సగం దించే ఉంచాను. ఇళ్లకి వెళ్లడం మానేశాను. ఫోన్లోనే వైద్యం. "ఫోను ఫ్రిజ్ వెనక పెట్టమ్మా," అంటాను. కంప్రెసరు చప్పుడు వింటాను. "అది బతికే ఉంది, గోడకి ఆనుకుని కొట్టుకుంటోంది, ఓ జానెడు ముందుకి లాగండి," అంటాను. లాగుతారు, చప్పుడు ఆగుతుంది. దేవుడు కనపడ్డట్టు మాట్లాడతారు.

పొద్దున నుంచి ఒళ్లు వెచ్చగా అనిపించింది. ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటరు దొరకలేదు. ఆవిడే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటుంది. (ఎవరైనా మరిచిపోతారు.) నా సంచీలో ఫ్రిజ్‌ల్లో పెట్టేది ఉంది కదా, తీగ ఉన్నది, దాన్నే చంకలో పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఆవిడ లోపలికొచ్చింది.

"ఏంటి, మీక్కూడా గ్యాస్ నింపాలా?"

నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. జ్వరం మాత్రం లేదు. మధ్యాహ్నం ఇంకోసారి చూసుకున్నాను, ఆవిడ బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడు. అప్పుడూ లేదు.

జ్వరం థర్మామీటరు నా చొక్కా జేబులోనే దొరికింది.


ఫిబ్రవరి 12

వచ్చింది! పెట్టె వచ్చింది!

షాపుకని బయల్దేరి ఆరోగ్య కేంద్రం మీదుగా వెళ్లాను. మామూలుగా అది దారి కాదనుకోండి. నర్సమ్మ నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"బాబాయ్, అడక్కండి. వచ్చింది. పొద్దున్నే దింపారు. పదిహేనో తారీకున హోమ్‌కి వెళ్తాం, లోపలివాళ్లకి ముందు, ఇంటివాళ్లకి ఆ వెంటనే గేటు దగ్గర. చాలా? ఇంక వెళ్తారా?"

"వెళ్తానమ్మా. ఓసారి కళ్లారా చూసి."

"మీ ఫ్రిజ్‌లోనే ఉంది, చూసుకోండి. తలుపు మాత్రం తీయకండి."

నా ఫ్రిజే అది. పాతదే గాని గట్టిది, కొన్నాళ్ల కింద కంప్రెసరు మార్చింది నేనే. పక్కన చెయ్యి పెట్టి చూశాను, బాగానే ఆడుతోంది. తలుపు రబ్బరు బాగానే పట్టింది. ఫ్రిజ్ మీటరు చూస్తే ఏడు డిగ్రీలు.

ఏడు! ఎనిమిది దాటితే మందు చెడుతుందని ఈ నర్సమ్మే ఎన్నిసార్లు చెప్పింది! ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఏముంది? మధ్యాహ్నం ఎండకి గది వేడెక్కితే? కరెంటు పోయి వస్తే? నర్సమ్మని పిలుద్దామని చూశాను. వరండాలో ఫోన్ పట్టుకుని ఎవరితోనో వాదులాడుతోంది. చల్లదనం మార్చే నాబ్ పైన "ఎవరూ ముట్టుకోరాదు" అని కాగితం ఉంది. అది అంటించిందీ నేనే, వచ్చినవాళ్లందరూ కెలికి పోతున్నారని. అది జనానికి. మెకానిక్‌కి కాదు.

ఓ రవ్వ తిప్పాను. జాగ్రత్త కోసం. చల్లదనం ఎక్కువైందని ఇన్నేళ్లలో నాకు ఫోన్ చేసినవాళ్లు లేరు. చాలట్లేదనే అందరి గోలా.

ఇంటికొచ్చి చెప్తే ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి అరలన్నీ వెతికి పాత రిబ్బన్ ఒకటి తీసింది. ఆకుపచ్చది. ఇస్త్రీ చేసింది దాన్ని.


ఫిబ్రవరి 13

గుండెలో బరువు దిగింది. కడుపు నిండా తిన్నాను.


ఫిబ్రవరి 15

ఆవిడ తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని, రిబ్బన్ సంచీలో పెట్టుకుంది. ఇవాళ టీకాయేగా, జడ వారం తర్వాత కదా అన్నాను. "ఉండనివ్వండి, బరువా?" అంది.

హోమ్ గేటు దగ్గర కుర్చీలు వేశారు. ఇంటివాళ్లం చాలామందే వచ్చాం. నర్సమ్మ రాలేదు. ఎండెక్కింది. అందరూ గొడుగులు తీశారు. చివరికి కేర్‌టేకరమ్మ బయటికొచ్చింది.

"ఇవాళ లేదండీ. అందరూ ఇళ్లకి వెళ్లండి. ఫ్రిజ్‌లో ఏదో సమస్యట. మందంతా గడ్డకట్టిందట. పనికిరాదట. మళ్లీ పైనుంచి రావాలి."

ఒక ముసలాయన, లోపల భార్య ఉంది ఆయనకి, కుర్చీలోంచి లేవడానికే ఇష్టపడలేదు. "గడ్డకడితే కరిగించి వేయొచ్చు కదా," అని అడుగుతూ కూర్చున్నాడు. కరిగించినా పనిచేయదని ఆమె చెప్తోంది. ఆయన మళ్లీ అదే అడుగుతున్నాడు.

ఆవిడ జుట్టు చుట్టేసి క్లిప్పు పెట్టుకుంది. "పదండి," అంది.

పాత ఫ్రిజ్ అది. కొత్తది కొనమని ఎన్నిసార్లు చెప్పాను వాళ్లకి.


ఫిబ్రవరి 16

ఓల్టేజి అయి ఉంటుంది. హెచ్చుతగ్గులుంటే అలా జరుగుతుంది.


ఫిబ్రవరి 17

రవ్వంత తిప్పితే గడ్డకట్టదు.

మధ్యాహ్నం షాపులో అలాంటి నాబే ఒకటి తీసి పట్టుకుని కూర్చున్నాను. రవ్వంత అంటే ఎంత? ఇంతేనా? ఆ రోజు ఇంత తిప్పానా, ఇంకాస్తా? నా చేతికి తెలుసు. నా చెయ్యి చెప్పట్లేదు.


ఫిబ్రవరి 18

వెళ్లాను.

నర్సమ్మ బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఏమీ లేదు. ఖాళీ ఫ్రిజ్ నాకేం కొత్త కాదు, రోజూ చూసేదే. దీని వైపు మాత్రం చూడలేకపోయాను.

"అమ్మా, ఆ నాబ్..."

"తెలుసు బాబాయ్."

"ఎలా?"

"నాబ్ మీద గ్రీజు. వేలిముద్ర పడినట్టు పడింది. ఈ ఊళ్లో ఆ వేళ్లు ఇంకెవరివి?"

ఏడు ఉందమ్మా, ఎనిమిదికి దగ్గరగా ఉందని... అన్నాను. అంతే వచ్చింది.

"ఏడు ఉంటే బాగున్నట్టే. రెండు నించి ఎనిమిది దాకా ఎక్కడున్నా ఫర్వాలేదు. సున్నా కిందకి పోతేనే చచ్చిపోతుంది. వేడికన్నా గడ్డకట్టడానికే భయపడాలి ఈ మందుకి. నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్నిగా?"

"ఫోన్లో ఉన్నావు తల్లీ."

"రెండు నిమిషాలు ఆగలేకపోయారా?"

ఆగలేకపోయాను. అదే నిజం. ఇంకేం చెప్పను?

"మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పలేను బాబాయ్. పొద్దున పైఆఫీసులో నన్ను నిలబెట్టి కడిగేశారు. ఎవరో నాబ్ తిప్పారని చెప్పాను, ఎవరని అడిగితే తెలియదన్నాను."

"నా పేరు చెప్పు."

"చెప్తే ఏమొస్తుంది?"

"నీ మీద నింద పోతుంది. చెప్పు. లేకపోతే నేనే వెళ్లి చెప్తాను."

చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, నా చేతికిచ్చింది. చెప్పాను. అవతలి ఆఫీసరు ముందు నమ్మలేదు. మెకానిక్ అయ్యుండి ఆ మాత్రం తెలియదా అన్నాడు. తెలియదు సార్ అన్నాను. తర్వాత తిట్టాడు. తిట్టించుకున్నాను. మళ్లీ పంపడానికి నెల పట్టొచ్చు అన్నాడు.

నెల.

ఇంట్లో చెప్పలేదు. ఆవిడ ఇవాళ హోమ్‌కి వెళ్లి అద్దానికి వీపు ఆనించి నిలబడి వచ్చింది. వదిన గుర్తుపట్టిందట, కానీ కాసేపటికట. మొన్నటంత వెంటనే కాదట.


ఫిబ్రవరి 19

చెప్పాను.

కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కన పెట్టింది. నేను మొత్తం చెప్పాను, ఏడు దగ్గర్నించి. మధ్యలో ఆపలేదు. అయ్యాక లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అరిస్తే బాగుండేది.

మిగతా కూర నేనే తరిగాను. ముక్కలు పెద్దవయ్యాయి.


ఫిబ్రవరి 20

మాట్లాడలేదు.


ఫిబ్రవరి 21

టీ ఇచ్చింది. మాట్లాడలేదు. చక్కెర మాత్రం సరిగ్గా వేసింది.


ఫిబ్రవరి 22

ఇవాళ హోమ్ తలుపులు తీసి ఉండేవాళ్లు.


ఫిబ్రవరి 24

పొద్దున నేను బాత్‌రూమ్ కుళాయి విప్పి కూర్చున్నాను. అది కారట్లేదు. ఎప్పుడైనా కారొచ్చని విప్పాను. ఆవిడ వచ్చి గడప మీద కూర్చుంది.

"పెళ్లయినప్పట్నించీ చూస్తున్నాను. మీకు భయమేస్తే ఏదో ఒకటి తిప్పుతారు. మా నాన్నకి ఆపరేషనప్పుడు ఆస్పత్రి ఫ్యాను రెగ్యులేటరు ఊడదీశారు. గుర్తుందా?"

"అది వదులుగా ఉంది."

"మీరు పట్టుకున్నాకే వదులైంది." నవ్వలేదు. "భయమేస్తే భయమేస్తోందని నోటితో చెప్పొచ్చుగా? నేనేమన్నా కొరుకుతానా?"

నాకేం భయం, అనబోయాను. చేతిలో స్పానరు ఉంది. ఆవిడ దాన్ని తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. చేతులు ఖాళీ అయ్యేసరికి ఎక్కడినుంచి వచ్చిందో మాట, దానంతటదే వచ్చేసింది.

"పాలు మాడ్చావు. పోయిన నెల తాళం తలుపుకే వదిలేశావు. మీ అక్కకీ ఇలాగే మొదలైంది. మీ అక్క నిన్ను చూసి మీటరుకొచ్చావా అన్నప్పుడు... రేపు నువ్వు నన్ను అలా అడిగితే నేనేం చెయ్యాలి?"

ఆవిడ ఒళ్లో స్పానరుని అటూ ఇటూ తిప్పింది. అది కోపంతో కాదు.

"అక్క కోసమనుకున్నానే ఈ గోలంతా," అంది.

"అక్క కోసమే. నీ కోసం కూడా. నా కోసం కూడా."

"పాలు మాడాయంటే పక్కింటామెతో కబుర్లలో పడి. అయినా రేపేమవుతుందో నాకు మాత్రం తెలుసా? నాకూ భయమే. ఒక్కటి మాత్రం చెప్తాను. మీ మొహం మరిచిపోతానేమో గానీ, పొద్దున లేచింది మొదలు ఈ సణుగుడు ఉంది చూశారూ, అది చచ్చినా మరిచిపోను. మీరు పక్కన కూర్చుని సణగండి, నేను పట్టేస్తాను."

నేను ఏడ్చాను. రాయకపోతే ఎవరికీ తెలియదు, కానీ రాస్తున్నాను. కుళాయి తర్వాత ఇద్దరం కలిసి బిగించాం. ఇప్పుడు కారుతోంది.

"మీ మీద కోపం పోలేదు," అంది వెళ్తూ. "మాట్లాడుతున్నాను, అంతే."


ఫిబ్రవరి 27

భయంగా ఉంది. చెప్పాను కూడా, టీ తాగుతూ. "సరే," అని ఇంకో కప్పు పోసింది.


మార్చి 2

హోమ్ నించి ఫోన్. వదినకి పక్షవాతం వచ్చింది. చిన్నదేనట, ప్రాణానికి ఏం ఫర్వాలేదట. కుడి చెయ్యి మాత్రం పడిపోయిందట.

కుడి చెయ్యి.


మార్చి 6

ఆస్పత్రిలోకి మమ్మల్ని రానివ్వలేదు. తిరిగి హోమ్‌కి తీసుకొచ్చారని తెలిసి వెళ్లాం. అదే కిటికీ, అదే కుర్చీ. ఆవిడ ముందే క్లిప్పు తీసేసి, జుట్టు విప్పి, వీపు తిప్పి నిలబడింది.

వదిన చూసింది. ఆలస్యంగానైనా చూసింది. "బుడం..." అంది, మాట పూర్తిగా రాలేదు. ఎడమ చెయ్యి లేచి అద్దం మీదకొచ్చింది. ఒక పాయ తీసింది. రెండో పాయ కోసం వెతికింది. కుడి చెయ్యి ఒళ్లో పడుకుని ఉంది, దాన్ని కదపమన్నట్టు దాని వైపు చూసింది. మళ్లీ మొదలుపెట్టింది. ఒక పాయ. మళ్లీ మొదలు.

ఆవిడకి వెనక ఏం జరుగుతోందో కనపడదు. "వేస్తోందా?" అని నన్నడిగింది.

"వేస్తోంది," అన్నాను.

నేను ఆ నాబ్ ముట్టుకోకుండా ఉంటే పోయిన నెల ఇరవై రెండో తారీకునే ఈవిడ లోపల కూర్చునేది. వదిన రెండు చేతులతో జడ వేసి ఉండేది. ఈ మాట ఎవరూ అనలేదు. ఆవిడా అనలేదు, అనదు. అందుకే నేను రాసిపెడుతున్నాను.


మార్చి 7

వేస్తోందని అబద్ధం చెప్పానని ఆవిడకి చెప్పేశాను. "తెలుసు. మీ గొంతు తెలియదా?" అంది.


మార్చి 15

ఇవాళ టీకా.

హోమ్ గేటు దగ్గర అవే కుర్చీలు. ఆ రోజు లేవనన్న ముసలాయన అందరికన్నా ముందొచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆయన దగ్గరికెళ్లి, మొన్న మందు పాడైంది నా వల్లే అన్నాను. ఆయనకి చెవుడు. "ఏంటి?" అన్నాడు. మళ్లీ చెప్పాను, గట్టిగా. వరసంతా విన్నది. ఒకామె మొహం తిప్పుకుంది. ముసలాయన, "ఇవాళ్టిదాన్ని ముట్టుకోలేదు కదా?" అన్నాడు. లేదన్నాను. "అయితే కూర్చో," అన్నాడు.

నర్సమ్మ ఆటోలోంచి చల్లపెట్టె దింపుతూ నన్ను చూసింది. "బాబాయ్, ఆ చివరి కుర్చీలో కూర్చోండి. చేతులు నాకు కనపడేలా పెట్టుకోండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాబ్ మీద చిన్న డబ్బా బిగించి తాళం వేశారట. మంచి పని చేశారు.

ఆవిడకి సూది వేస్తుంటే నేను అటు చూశాను. "చీమ కుట్టినట్టుంది," అంది. నాకు వేసేటప్పుడు కళ్లు తిరిగాయి. ఎండ వల్ల.

కాదు, భయం వల్లే.


మార్చి 22

తలుపు తీశారు.

వసారా దాటి గదిలోకి వెళ్లేసరికి వదిన కిటికీ వైపే తిరిగి కూర్చుని ఉంది, మేం రోజూ వచ్చేది అటునించే కదా. ఆవిడ ముందుకెళ్లి మొహం చూపించలేదు. కుర్చీ ముందు చిన్న పీట వేసుకుని, వదినకి వీపు పెట్టి, జుట్టు విప్పుకుని కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

ఎంతసేపటికీ ఏమీ లేదు. ఆవిడ భుజాలు కొంచెం వంగాయి. అయిపోయింది, ఆలస్యమైపోయింది, నేనే చేశాను ఇదంతా, అనుకున్నాను.

వదిన ఎడమ చెయ్యి వచ్చి ఆవిడ తల మీద పడింది.

"ఇంతసేపేంటే బుడంకాయ్?" మాట ముద్దగా వచ్చింది, కానీ ప్రతి అక్షరం తెలిసింది. "జుట్టుకి సున్నం పూసుకొచ్చావేంటే?"

"ఆడుకుంటుంటే అంటుకుందక్కా," అంది ఆవిడ.

వదిన పాయ తీసింది. రెండోది తీయబోతే మొదటిది జారింది. మళ్లీ తీసింది, మళ్లీ జారింది. కుడి చెయ్యి ఒళ్లోంచి రాలేదు. వదిన మొహం చిన్నపిల్ల మొహంలా ముడుచుకుపోయింది. "పర్లేదక్కా, ఊరికే నిమురు చాలు," అంది ఆవిడ. వదిన ఒప్పుకోలేదు. తల తిప్పి గదంతా వెతికింది. నేను కనపడ్డాను.

"ఏయ్ అబ్బాయ్. గుడ్లప్పగించి చూస్తావేం? వచ్చి ఈ పాయ పట్టుకో."

వెళ్లి వదిన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. వదిన ఒక పాయ నా వేళ్ల మధ్య పెట్టింది. ఈ చేతులతో ఎన్ని తీగలు పట్టుకోలేదు, ఎన్ని గొట్టాలు వంచలేదు! మా ఆవిడ జుట్టు మాత్రం ఇన్నేళ్లలో ఇలా పట్టుకోలేదు. మెత్తగా ఉంది. ఇంకా కొంచెం తడి ఉంది.

"లాగకు," అంది వదిన.

"లాగట్లేదండీ."

"బిగించకు. ఊరికే పట్టుకో."

ఊరికే పట్టుకున్నాను. వదిన తన పాయని నాదాని మీదుగా వేసి, నా చేతిలోది తీసుకుని, ఇంకోటి ఇచ్చింది. మళ్లీ. మళ్లీ. కాసేపటికి నా చెయ్యి ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు తీసుకోవాలో నేర్చుకుంది. మధ్యలో ఒకచోట జడ వదులైంది. కళ్ల ముందే వదులైంది! వేలు దానంతటదే కదిలింది.

"చెప్పానా లేదా!" అని వదిన నా వేలి మీద ఒక్కటేసింది. ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఈసారి నాకు కనపడలేదు. వెనకే కదా ఉన్నాను.

ఆకుపచ్చ రిబ్బన్ ఒక కొస వదిన పళ్లతో పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. ముడి పడింది. వదిన జడని ముందుకి తోసి, "పో, బడికి పో," అంది. తర్వాత నా వైపు చూసి, "రేపు కూడా రా. నీ చెయ్యి బాగానే ఉంది," అంది.

నేనెవరో వదినకి తెలియదు. వస్తానని చెప్పాను.

ఇంటికి నడిచే వచ్చాం. వంతెన మీద ఆవిడ ముందు నడుస్తోంది, నేను వెనక. జడ పూర్తిగా ఎడమకి ఒరిగింది, మధ్యలో ఆ వదులైన చోట చిన్న ఉబ్బు, చివర ఆకుపచ్చ రిబ్బన్. జనం చూస్తున్నారు. ఆవిడ కొంచెం దూరం పోయాక ఆగింది.

"పక్కన నడవక వెనకేం చేస్తున్నారు?"

"నిన్ను వెనకనించి చూసి గుర్తు పెట్టుకుంటున్నాను."

ఆవిడ జడ మీద చెయ్యి వేసుకుని చూసుకుంది.

"వంకరగా వచ్చిందా?"

"వచ్చింది."

"మీ చెయ్యి ఊరుకోదుగా. సరిచేస్తారా?"

"ముట్టుకోను," అన్నాను.